అప్‌డేట్: అమ్మ మోకాలి వాపు ఫంగస్ వల్లేనట

అమ్మకు మోకాలి మార్పిడి జరిగిన కొన్ని నెలలకు వాపు మొదలైందని, జ్వరం లేదని, యాంటీబయాటిక్స్ వాడినా తగ్గడం లేదని ఇంతకుముందు అడిగాను. కారణం తెలిసింది. కీలులోంచి తీసిన నీటిలో క్యాండిడా అనే ఫంగస్ పెరిగింది. మొదటి కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్ష) ఏమీ రాలేదు. ఫంగస్ కొన్నిసార్లు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి రెండోసారి ఎక్కువ రోజులు ఉంచి చూడమని డాక్టర్ ల్యాబ్‌కు చెప్పారు.

మార్పిడి కీళ్లలో వచ్చే ఇన్‌ఫెక్షన్లలో ఫంగస్ వాటా సుమారు 1 శాతమేనట. ఆ ఒక్క శాతం మా ఇంటికే రావాలా!

మందులతో సరిపోదా అని అడిగాను. క్యాండిడా ఇంప్లాంట్ (అమర్చిన కృత్రిమ కీలు) మీద జిగురు పొరలా అంటుకుంటుంది, దాని లోపలికి మందు సరిగా చేరదు. అందుకే పాత ఇంప్లాంట్ తీసేసి, ఆ ఖాళీలో తాత్కాలికంగా మందు కలిపిన సిమెంట్ దిమ్మె (స్పేసర్) పెట్టారు. ఫంగస్‌ మందు ఫ్లూకొనజోల్ కనీసం 6 వారాలు వాడాలి, ఇన్‌ఫెక్షన్ పోయిందని నమ్మకం కుదిరాకే కొత్త కీలు.

షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. ఫ్లూకొనజోల్ వల్ల షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ ప్రభావం పెరుగుతుంది. అమ్మకు ఒకరోజు తెల్లవారుజామున షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు, మాకు ఒకటే టెన్షన్. డాక్టర్ గ్లిమిపిరైడ్ డోసు తగ్గించాక సర్దుకుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకూ ఫ్లూకొనజోల్‌తో ఇబ్బందే, రక్తం మరీ పలచబడుతుంది.

ప్రస్తుతం వాకర్‌తో నడుస్తోంది, సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఎంతుందో చూపే రక్త పరీక్ష) తగ్గుతోంది. ఫంగల్ కల్చర్ కూడా చేయించమని సలహా ఇచ్చినవాళ్లకు చాలా థాంక్స్.