గాయం, నిద్రలేమి, తాగుడు: ఏది ముందు వచ్చిందో తేల్చడం ఎలా?

సందేహం: నేను మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. డీఅడిక్షన్ కేంద్రంలో చేరినవారిలో పాత మానసిక గాయాలకూ, నిద్రలేమికీ, తాగుడుకూ ఉన్న సంబంధంపై పరిశోధన వ్యాసం రాయాలనుకుంటున్నాను. మూడు ప్రశ్నావళులు ఇచ్చి, వచ్చిన మార్కులను పోల్చి చూస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదండీ. పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యతా సూచిక గత నెల రోజుల నిద్ర గురించే అడుగుతుంది. మద్యపాన సమస్యను గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తయారుచేసిన ‘ఆడిట్’ ప్రశ్నావళిలోని ప్రశ్నలు ఎక్కువగా గత ఏడాది తాగుడు గురించి అడుగుతాయి. తాగుడు ఆపిన తరువాత కొన్ని వారాలు, కొందరికి నెలల తరబడి నిద్ర కుదుటపడదు కనుక, చేరి మూడు వారాలైన మనిషికి ఈ రెండూ ఇస్తే, మానేయడం వల్ల చెడిన నిద్రను పాత గాయం ఖాతాలో రాసే ప్రమాదం ఉంది.

బాధను మరచిపోవడానికే కొందరు మత్తును ఆశ్రయిస్తారన్న ‘స్వీయ చికిత్స’ వాదాన్ని మనోవైద్యుడు ఖాంట్జియాన్ 1985లో ప్రతిపాదించారు. అయితే మద్యం త్వరగా నిద్ర పట్టించినా, రాత్రి మొదటి సగంలో కలల నిద్రను అణచివేస్తుంది; మత్తు దిగేకొద్దీ ఆ నిద్ర తిరగబెడుతుంది. ‘క్వార్టర్ పడితేనే కన్ను మూతపడుతుంది’ అనే మనిషే రాత్రి రెండు గంటలకు పీడకలతో ఉలిక్కిపడి, చెమటలు పట్టి లేచి కూర్చోవడానికి ఇదొక కారణం. కాబట్టి ఒక కాగితంపై గీత గీసి, సంఘటన ఏ వయసులో జరిగింది, నిద్ర ఎప్పుడు చెడింది, రోజూ తాగడం ఎప్పుడు మొదలైంది అని వారి చేతనే గుర్తు పెట్టించండి. తేదీలు గుర్తులేనివారు పెళ్ళికి ముందా, పెద్దబ్బాయి పుట్టాకా అంటే తేలికగా చెబుతారు.

మరొక్క మాట. ప్రశ్నావళుల తెలుగు అనువాదంలో ‘నిద్ర కోసం మందు వాడారా?’ అని రాయకండి. ఆ వార్డులో మందు అంటే అర్థం వేరు. ‘నిద్రమాత్ర’ అని రాస్తే చిక్కు ఉండదు.

సందేహం: ధన్యవాదాలండీ. గాయం గురించి అడిగితే వారు మళ్ళీ కుంగిపోరా?

సమాధానం: కొందరు కుంగిపోవచ్చు. వివరంగా చెప్పమని ఒత్తిడి చేయకుండా, అలాంటిది జరిగిందా లేదా అన్నంతవరకే అడిగి, కౌన్సెలర్ అందుబాటులో ఉన్న వేళే మాట్లాడండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు చదివి, నైతిక సంఘం అనుమతి వచ్చాకే మొదలుపెట్టండి. సమాధానం చెప్పకపోతే చికిత్స ఆగిపోతుందేమోనన్న భయం అక్కడివారికి ఉంటుంది. ఆగదని సమ్మతి పత్రంలో రాసి, చదివి వినిపించండి. ఇంటికి వెళ్ళాక మాట్లాడాలనిపిస్తే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను అదే పత్రం అడుగున పెద్ద అక్షరాల్లో వేయండి.