జీఎం965 బోర్డులో టీ5450 తీసేసి ఏ ప్రాసెసర్ వేయొచ్చు?

మారతహళ్లి_మనిషి:
2007 నాటి ల్యాప్‌టాప్. కోర్ 2 డ్యుయో టీ5450 (1.66 గిగాహెర్ట్జ్), జీఎం965 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని బోర్డులోని మిగతా భాగాలతో కలిపే చిప్), 4 జీబీ డీడీఆర్2 ర్యామ్. ఎస్పీ రోడ్డు షాపులో టీ7400, టీ9300, పీ8600 చూపించారు. మూడూ 478 పిన్నులే. పీ8600 కొత్తది, కరెంటు తక్కువ తింటుంది, అదే తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

పాతబోర్డు:
పీ8600 వద్దు అన్నా, టీ9300 తీసుకోండి.

పిన్నుల లెక్క నమ్ముకోవద్దు. టీ7400 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఎం, మీది సాకెట్ పీ. పిన్నుల అమరిక వేరు, బలవంతంగా నొక్కితే పిన్నులు వంగుతాయి. టీ7 సిరీసంతా ఇదే గజిబిజి: 7200, 7400, 7600 సాకెట్ ఎం, 7300, 7500, 7700 సాకెట్ పీ.

పీ8600 మాత్రం సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, అసలు చిక్కు అదే. దానికి 1066 ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్‌కీ చిప్‌సెట్‌కీ మధ్య దారి వేగం, మెగాహెర్ట్జ్‌లో) కావాలి, జీఎం965 800 దగ్గరే ఆగిపోతుంది. పీ8600 తర్వాతి చిప్‌సెట్ అయిన జీఎం45 ఉన్న బోర్డులకు. టీ9300కి 800 చాలు: 2.5 గిగాహెర్ట్జ్, 6 ఎంబీ క్యాష్. పాతదీ ఇదీ 35 వాట్లే, హీట్‌సింక్ మార్చక్కర్లేదు.

జయనగర్_రిపేర్:
కొనేముందు బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ అవ్వగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రాం) సంగతి చూడండి. టీ9300 పెన్రిన్ అనే ఇంటెల్ తరం చిప్, 2008 జనవరిలో వచ్చింది. 2007 బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. బ్యాటరీ నిండుగా పెట్టి, చార్జర్ తగిలించి, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. మీ మోడల్‌కు పెన్రిన్ తెలిసిన బయోస్ రాకపోతే టీ7700తో సరిపెట్టుకోవాలి.

చిప్ మీద కోడ్ ఎస్‌ఎల్‌తో మొదలవ్వాలి. క్యూతో మొదలైతే శాంపిల్ పీసు, వదిలేయండి.

మార్చేటప్పుడు చార్జర్, బ్యాటరీ తీసి పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన అంకెలుంటాయి: విప్పేటప్పుడు చివరి అంకె నుంచి, బిగించేటప్పుడు ఒకటి నుంచి. సాకెట్ పక్కనున్న స్క్రూని తాళం తెరిచిన గుర్తు వైపు తిప్పితే చిప్ తేలిగ్గా లేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపుగింజంత థర్మల్ పేస్ట్ (వేడిని హీట్‌సింక్‌కి చేరవేసేది) పెట్టండి.

మారతహళ్లి_మనిషి:
చిప్‌సెట్ మీది థర్మల్ ప్యాడ్ (వేడి చేరవేసే మెత్తటి ముక్క) చిరిగితే దానికీ పేస్టే రాసేయొచ్చా?

జయనగర్_రిపేర్:
కుదరదు. అక్కడ సందుంటుంది, పేస్ట్ దాన్ని నింపలేదు. పాత ప్యాడ్ మందం కొలిచి అంతే మందంది వేయండి. మందం ఎక్కువైతే హీట్‌సింక్ ప్రాసెసర్ మీద ఏటవాలుగా కూర్చుంటుంది. ఈ చిప్పులకు పైన మూత ఉండదు, డై (పైకి కనిపించే సిలికాన్ ముక్క) మూల పెచ్చు లేస్తే ఇక అంతే.

పాతబోర్డు:
ఇంకో మాట. విండోస్ 11 కోసమైతే డబ్బు దండగ. దాని 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ఉండాలి. పెన్రిన్‌లో ఎస్‌ఎస్‌ఈ4.1 వరకే, కాబట్టి బూటే కాదు. 64 బిట్ లైనక్స్ వేస్తే హాయిగా నడుస్తుంది. ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయండి, తేడా ప్రాసెసర్ కంటే దాంతోనే ఎక్కువ తెలుస్తుంది.