కౌండిన్య అభయారణ్యం (పలమనేరు దగ్గర) ఏనుగులు ఏ అడవివో డీఎన్ఏ చెప్తుందా?

పలమనేరు పిల్లోడు: రాత్రి గుంపు మా టమోటా తోటలో దిగి డ్రిప్ పైపులన్నీ తొక్కేసింది అన్నా, పొద్దున చూస్తే లద్దె ఇంకా వెచ్చగానే ఉంది. ఇక్కడికి ఏనుగులొచ్చింది 1980ల్లోనే అంటారు కదా, ఎక్కడి నుంచో కనిపెట్టొచ్చా?

అడవిగాలి: పెట్టొచ్చు తమ్ముడూ. తాజా లద్దె పైపొరకి పేగు కణాలు అంటుకుని ఉంటాయి, ఆ డీఎన్ఏని తమిళనాడు, కర్ణాటక ఏనుగులతో పోల్చాలి. ఎండకి పాడైపోతుంది, తాజాగా ఉన్నప్పుడే తీయాల.

తిరుపతి బయాలజీ: 2024లో ఏనుగుల పూర్తి జీనోమ్‌లు (అంటే మొత్తం డీఎన్ఏ) చదివితే మన దేశంలో జన్యుపరంగా 5 రకాల గుంపులు తేలినాయి, దక్షిణంలోనే 3, పడమటి కనుమల్లో ఖాళీలైన పాలక్కాడ్, షెంకోట్ట కనుమలు వాటి మధ్య హద్దులు, ఉత్తరం నుంచి కిందికి పోయేకొద్దీ జన్యు వైవిధ్యం తగ్గతా వచ్చింది, అదే నాకు బాధ. మనవి పాలక్కాడ్‌కి ఉత్తరాన ఉండే గుంపే అయ్యుండాల.

పలమనేరు పిల్లోడు: అయితే ఈసారి లద్దె కనిపిస్తే ఫారెస్ట్ వాళ్లకి వెంటనే ఫోన్ చేస్తా అన్నా.