పొలంలో దొరికిన కెనడా సైనిక లారీకి నార్మండీ గుర్తులు వేయవచ్చా?

సస్కటూన్ వాసి
మిత్రులారా, ఒక తగవు తీర్చాలి. ఇక్కడ కెనడాలోని సస్కచెవాన్‌లో పాత బండ్ల పిచ్చి ఉన్న మేం నలుగురం కలిసి ఒక షెవర్లే సి60ఎల్ లారీ కొన్నాం. తెలియనివారి కోసం రెండు మాటలు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యం అడిగిన కొలతలకు కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ ఒకే నమూనాలో కట్టిన బండ్లివి. ఫోర్డులు విండ్సర్‌లో, షెవర్లేలు ఓషావాలో తయారయ్యాయి. అన్ని రకాలూ కలిపితే 4 లక్షలకు పైమాటే. మాది మూడు టన్నుల బరువు మోసే పొడవు ఛాసిస్ బండి, క్యాబిన్ 13వ నమూనా. ముందు అద్దం కింది అంచు లోపలికి వాలి ఉంటుంది. ఎండకు అద్దం తళుక్కుమని పైనున్న విమానాల కంట పడకుండా చేసిన ఏర్పాటు అది.

యుద్ధం ముగిశాక ఒక రైతు కొని, దశాబ్దాలపాటు దీనిమీద గోధుమలు తోలాడు. ఇప్పుడు మాలో ఇద్దరు బండిని ఇసుక ఊదించి తుప్పంతా తీయించి, ఆలివ్ రంగు వేసి, మిత్రరాజ్యాల తెల్ల నక్షత్రంతోపాటు 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో జూనో అనే తీరంలో దిగిన 3వ కెనడియన్ డివిజన్ బూడిదరంగు గుర్తు వేద్దామంటున్నారు. మిగతా ఇద్దరం తటపటాయిస్తున్నాం. బండి ఆ డివిజన్‌లో పనిచేసిందనడానికి ఒక్క ఆధారమూ లేదు.

రంగులపక్షం
తటపటాయింపు దేనికి? ఆ రోజు జూనో తీరంలో దిగిన కెనడా సైనికులు దాదాపు 14,000 మంది. వారిలో ఈనాడు మిగిలినవారెందరు? నవంబరు 11న, యుద్ధంలో పోయినవారిని తలుచుకునే రోజున, మీ ఊరి స్మారకం ముందు ఈ బండి నిలబడితే, పిల్లలు వచ్చి ఆ గుర్తేమిటని అడుగుతారు. చెప్పే అవకాశం వస్తుంది. తుప్పుపట్టిన గోధుమల లారీని చూసి ఎవరు ఏమడుగుతారు? ప్రతి బండికీ జాతకం వెతుక్కుంటూ కూర్చుంటే ఏ బండీ షెడ్డు దాటదు.

పాతకాగితాలు
పిల్లవాడు అడుగుతాడు సరే, "ఈ లారీయే అక్కడికి వెళ్ళిందా?" అని అడిగితే ఏం చెబుతారు? అవునంటే అబద్ధం. కాదంటే, మరి గుర్తెందుకు?

ఒక్క విషయం గమనించండి. సముద్రం దాటిన బండ్లలో అత్యధికం తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక హాలండ్, బెల్జియం, నార్వే, డెన్మార్క్ సైన్యాలు వాటిని వాడుకున్నాయి. బర్మాలో వాటికి చెక్క బాడీలు కట్టి బస్సులుగా నడిపారు. మలయా అడవుల్లో దుంగలు మోయించారు. కెనడాలో రైతుల చేతికి వచ్చినవి చాలావరకు దేశం దాటకుండా శిక్షణ శిబిరాల్లో పనిచేసి, యుద్ధంలో మిగిలిన సామాను అమ్మే ప్రభుత్వ సంస్థ వార్ అసెట్స్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడైనవి. మీ బండి నార్మండీ చూసి ఉండే అవకాశం చాలా తక్కువ. షైలో శిబిరంలోనో బోర్డెన్‌లోనో కుర్రవాళ్ళకు గేర్లు మార్చడం నేర్పి ఉండే అవకాశం ఎక్కువ. అది చిన్నతనమా? ఆ కుర్రవాళ్ళు ఇలాంటి బండ్ల మీద నేర్చుకునే అక్కడికి వెళ్ళారు.

అసలు సంగతి తెలుసుకోవాలంటే దారి ఉంది. బానెట్ పక్కన, తలుపు మీద అరచేయంత చోటు ఎంచుకుని, సన్నని ఉప్పుకాగితంతో నీళ్ళు పోస్తూ పొర తరువాత పొర నెమ్మదిగా రుద్దండి. రైతు వేసిన రంగు కింద సైన్యం రంగు, దాని కింద ఫ్యాక్టరీ రంగు బయటపడతాయి. అదృష్టం బాగుంటే తెల్లని అంకెల అంచు కనిపిస్తుంది. మూడు టన్నుల కెనడా లారీల నంబరు సి, ఎల్ అక్షరాలతో మొదలవుతుంది. చిన్న ట్రక్కులకైతే సి, జెడ్. ఫిరంగి లాగే బండ్లకు సి, హెచ్. ఆ నంబరు దొరికితే కాగితాల్లో వెతకడానికి ఒక కొస చేతికి వచ్చినట్లే. దాంతోపాటు క్యాబిన్‌లోని పలక, ఛాసిస్ మీది నంబరు, ఇంజిన్ నంబరు ఫొటోలు తీసి పెట్టుకోండి.

సికింద్రాబాద్ మాజీ ఈఎంఈ
నేను భారత సైన్యంలో వాహనాల మరమ్మతు విభాగమైన ఈఎంఈలో పనిచేశాను. నేను చేరేనాటికి ఈ బండ్లు పోయి శక్తిమాన్ లారీలు వచ్చేశాయి. మాకు పని నేర్పిన ఉస్తాదులు మాత్రం వీటిమీదే చేతులు కాల్చుకున్నవాళ్ళు. ఇంజిన్ సగం క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి ఉంటుంది కదా, ఎండాకాలం డ్రైవరు పాట్లు చెప్పనక్కరలేదని అనేవారు. మన దేశానికి ఇవి విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చి ఇక్కడే బిగించబడేవి. ఫోర్డు ఛాసిస్‌ల మీదయితే టాటానగర్‌లో ఉక్కు కవచం కట్టి సాయుధ వాహనాలుగా కూడా దించారు.

పాతకాగితాలు గారితో ఒక చోట ఒప్పుకోను. సైన్యంలో ఒక బండి అంటే నిజానికి ఒకే బండి కాదు. బేస్ వర్క్‌షాప్‌కు మూడు వస్తే రెండు బయటికి వెళ్తాయి. ఒకదాని ఇంజిన్, ఇంకొకదాని తలుపు, మూడోదాని గేరుపెట్టె. యూనిట్ మారితే పాత గుర్తు మీద రంగు కొట్టి కొత్తది వేసేవాళ్ళం. మీరు తలుపు మీద నంబరు కనిపెట్టి సంబరపడితే, ఆ తలుపే వేరే బండిది కావచ్చు. నా దృష్టిలో ముందు బండి నడవాలి. నడవని లారీ మీద ఏ గుర్తు వేస్తే ఏమిటి?

పాతకాగితాలు
ఈఎంఈ గారూ, అందుకే ఒక్క నంబరును నమ్మవద్దంటాను. తలుపు నంబరూ ఛాసిస్ నంబరూ వేర్వేరు కథలు చెబితే, మీరన్న వర్క్‌షాప్ కథ కూడా బయటపడుతుంది కదా.

రంగులపక్షం
మధ్యేమార్గం చెబుతాను. గుర్తులు అయస్కాంతపు రేకుల మీద వేయించండి. నవంబరులో అంటించి, డిసెంబరులో తీసేయండి. ఇక ఎవరికి అభ్యంతరం?

పాతకాగితాలు
నాకు లేదు. పైన రంగు వేసినా నాకు పెద్ద అభ్యంతరం లేదు, మంచి రంగు కింది పొరను కాపాడుతుంది కూడా. నేను అడ్డుపడేది ఇసుక ఊదించడానికి. ఒక్క మధ్యాహ్నంలో అన్ని పొరలూ పోయి మెరిసే ఇనుము మిగులుతుంది. ఆ తరువాత ఎవరు ఎంత వెతికినా దొరికేదేమీ ఉండదు. అబద్ధపు గుర్తునైనా రేపు చెరపవచ్చు, చెరిపేసిన నిజాన్ని తిరిగి రాయలేం.

టొరంటో నుంచి
ఇంతసేపూ అందరూ సైన్యం గురించే మాట్లాడుతున్నారు. ఈ బండి సైన్యంలో ఉన్నది మహా అయితే ఐదారేళ్ళు. రైతు దగ్గర అంతకు ఎన్నో రెట్లు. ధాన్యం నిల్వచేసే ఎలివేటరు దగ్గర వరుసలో నిలబడింది, ప్రెయిరీ మైదానాల చలిలో మొరాయించింది, ఆయన వెల్డింగ్ చేసిన కొక్కేలతో ఇంకేవో లాగింది. ఆ కుటుంబాన్ని ఎవరైనా పలకరించారా? గోధుమలు పోసే ఆ చెక్క పెట్టెను పీకి పారేసి సైనిక బాడీ కొత్తగా చేయిస్తే, అసలైనదాన్ని తీసేసి నకలు పెట్టినట్లే. సైన్యం రంగులో ఉన్నవి ఒట్టావా యుద్ధ మ్యూజియంలో చూడవచ్చు. ఆ ప్రాంతపు పంటబండి ఎక్కడ చూస్తాం?

రంగులపక్షం
మీ మాట వింటే రైతు పేడ కూడా కడగకూడదు!

టొరంటో నుంచి
కడగండి. కడిగేముందు ఫొటో తీయండి.

సస్కటూన్ వాసి
చాలా ఉపకారం చేశారు. ఆ రైతు మనవరాలు పక్క ఊళ్ళోనే ఉన్నారు, ఆదివారం కలుస్తాం. పాత ఫొటోలు ఉన్నాయట. క్యాబిన్‌కు ఇసుక ఊదించడం మాత్రం ఆపాం. ఛాసిస్‌కు తప్పదు, కొన్నిచోట్ల తుప్పు పొరలుగా ఊడుతోంది. బూడిదరంగు గుర్తు దగ్గర మాత్రం ఇంకా ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. ముందు ఈ వారాంతంలో చక్రాలు విప్పి టైర్లు తీయిస్తున్నాం.

సికింద్రాబాద్ మాజీ ఈఎంఈ
ఆగండి బాబూ. ఈ బండ్లలో చాలావాటికి చక్రం రెండు సగాలుగా ఉంటుంది. ఆ సగాలను కలిపి పట్టే నట్లు వేరు, చక్రాన్ని హబ్‌కు పట్టే నట్లు వేరు. టైర్లో గాలి ఉండగా మొదటివి వదులు చేస్తే రిమ్ము పేలి మనిషి ప్రాణం తీస్తుంది. గుర్తు తెలియడానికి వాటికి ఎర్రరంగు వేసేవారు, మీ బండి మీద ఆ ఎరుపు ఏనాడో పోయి ఉంటుంది. ముందు వాల్వు పిన్ను పీకి గాలి పూర్తిగా తీసేయండి. తరువాత చక్రం ఫొటో ఇక్కడ పెట్టండి. నేను చూసి చెప్పేదాకా స్పానర్ పెట్టవద్దు.