పెస్టర్: విసిగించడమా, కాళ్లకు బందం వేయడమా?

— ఇంగ్లీషు కవి మిల్టన్ రాసిన ‘కోమస్’ నాటకం మొదట్లోనే భూమ్మీద మనుషుల బతుకు గురించి ఒక పాదం ఉంది కదా, ‘కన్‌ఫైన్డ్ అండ్ పెస్టర్డ్ ఇన్ దిస్...’ చివరి మాట నోట్లో ఆడుతోంది, రావట్లేదు. ఆ ‘పెస్టర్డ్’ విసుగేనా? మరి విసిగించింది ఎవరు?

— ‘పిన్‌ఫోల్డ్ హియర్’. పిన్‌ఫోల్డ్ అంటే బందెలదొడ్డి. అందులో కుక్కేశాక వేరే ఎవరో వచ్చి విసిగించాలా? కిక్కిరిసిపోయారని అర్థం.

— కిక్కిరియడం కాదండీ, కాళ్లకు బందం పడటం. మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. మేతకు వదిలిన గుర్రం దూరం పోకుండా కాళ్లకు కట్టడం దాని అసలు అర్థం. ఇంగ్లీషులోనూ మొదట ‘చిక్కులో పెట్టు, అడ్డుపడు’ అనే. తర్వాత ‘పెస్ట్’ (పీడ) అనే మాట దాన్ని తనవైపు లాక్కుంది. పుట్టుకలో ఆ రెండింటికీ చుట్టరికం లేదు.

— తర్వాతంటే ఎప్పుడు మాస్టారూ? హామ్లెట్‌లో ఫార్టిన్‌బ్రాస్ తన తండ్రి పోగొట్టుకున్న భూములిమ్మని కబుర్ల మీద కబుర్లు పంపిస్తుంటే, రాజు క్లాడియస్ వాడింది ఈ మాటే. అచ్చం ఇవాళ్టి అర్థం. ‘కోమస్’ ఆడింది 1634లో, హామ్లెట్ అప్పటికే ముప్పై ఏళ్ల పాతది.

— కొత్త అర్థం మిల్టన్‌కు తెలీక కాదు. ఆయన లాటిన్‌లోనూ పద్యాలల్లినవాడు, మాటను వేళ్లతో సహా పెకలిస్తాడు. పక్కన దొడ్డి పెట్టి మరీ రాశాడంటే పశువు కాళ్లే చూస్తున్నాడు.

— షేక్స్‌పియర్ ఉండగా మిల్టన్ ఎందుకండీ! ‘నాలుగో హెన్రీ’ నాటకం మొదటి భాగంలో హాట్‌స్పర్ యుద్ధం చేసి, గాయాలు చల్లబడి సలుపుతుంటే, అత్తరు పూసుకున్న దొర ఒకడొచ్చి ఖైదీల్ని అప్పగించమంటాడు. ‘పెస్టర్డ్ విత్ ఎ పాపింజే’. పాపింజే అంటే చిలక, సోకులరాయుడన్నమాట. అంత చిరాకు ఇంకెవరు పలికించగలరు?

— గుర్రం అన్నారు కనుక: ‘పాస్టర్న్’ కూడా ఆ కట్టు నుంచి వచ్చిందే, గిట్టకు పైభాగం. శామ్యూల్ జాన్సన్ తన 1755 ఇంగ్లీషు నిఘంటువులో దాన్ని గుర్రం మోకాలన్నాడు. ఎందుకలా రాశారని ఒకావిడ అడిగితే ‘అజ్ఞానం తల్లీ, శుద్ధ అజ్ఞానం’ అన్నాడట.

— జాన్సన్‌ను వదిలేయండి. ఆ పాదాన్ని నేనైతే ‘బందెలదొడ్డిలో గుదిబండలతో’ అంటాను.

— గుదిబండ మెడకు కదా వేసేది! కాళ్లకు బందం.

— మెడకే వేలాడుతుంది, కానీ గొడ్డు పరుగెత్తబోతే కొట్టుకునేది ముందుకాళ్లకే. గుర్రానికి వేయగా మాత్రం మా వైపు ఎవరూ చూడలేదు.