బర్మా యుద్ధంలో పోయిన పెదతాత పేరు ఎక్కడ దొరుకుతుంది?

కందుకూరోడు:
మా పెదతాత (తాతకి అన్న) రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీకి పోయి బర్మాలో చనిపోయాడంటారు. ఊరు కందుకూరు తాలూకా. ఇంట్లో మిగిలింది గుండ్రటి మెడల్ ఒకటే. రెజిమెంటు తెలీదు, తేదీ తెలీదు. పేరు ఎక్కడన్నా రాసి ఉంటుందా? తద్దినం ఏ తిథికి పెట్టాలి? రామాలయం గోడకి రాయి కూడా పెట్టించాలనుంది.

పాత మెడళ్లు:
ముందు మెడల్ అంచు చూడండి. ఆ యుద్ధంలో బ్రిటిషు సిపాయిల మెడళ్ల మీద పేరుండదు గానీ, ఇండియన్ ఆర్మీ వాళ్లవాటి మీద నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఇచ్చారు. నక్షత్రం ఆకారంలోవైతే వెనకవైపు ఉంటాయి. బ్రాసో పాలిష్ పెట్టి రుద్దకండి, ఉన్న అక్షరాలు అరిగిపోతాయి. చీకట్లో టార్చి పక్కవాటుగా వేసి ఫొటో తీస్తే చాలు. ‘ఆర్.ఐ.ఎ.ఎస్.సి.’ అని ఉంటే సరుకుల రవాణా దళం. ‘ఎస్. అండ్ ఎం.’ ఉంటే శాపర్స్ అండ్ మైనర్స్, అంటే మిలిటరీ ఇంజనీరింగ్ దళం. మద్రాసు శాపర్లయితే వాళ్ల కేంద్రం బెంగళూరు.

తర్వాత కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో పోయినవాళ్లని నమోదు చేశారు, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. పేరుతో మొదలుపెడితే విసుగొస్తుంది: ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, ‘సుబ్బయ్య’ని గుమస్తా ఎట్లా విన్నాడో అట్లా రాశాడు. పేరు గడి ఖాళీగా వదిలి, అదనపు సమాచారం గడిలో ఊరుగానీ ‘నెల్లూరు’గానీ కొట్టండి. ప్రకాశం అని కొడితే ఏమీ రాదు, ఆ జిల్లా 1970లో పుట్టింది. అప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో, ఒంగోలు గుంటూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. చాలామందికి ఊరు, తండ్రి పేరు నమోదు కాలేదు. అప్పుడు మెడల్ మీది నంబరే దిక్కు.

సమాధి లేదని కంగారు పడొద్దు. సమాధి తెలియనివాళ్లవి దాదాపు 27,000 పేర్లు యాంగోన్ దగ్గర టౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీదున్నాయి. కోహిమాలో దహనమైన 917 మంది హిందూ, సిక్కు సిపాయిలకి విడిగా స్మారకం ఉంది.

పంచాంగం:
తేదీ దొరికితే ఆ ఏటి పాత పంచాంగంలో మాసం, పక్షం, తిథి చూడాలి. తిథి మధ్యాహ్నానికే మారిపోవచ్చు, రికార్డులో పోయిన గంట ఉండదు కాబట్టి రెండింట్లో ఏది పట్టాలో పురోహితుణ్ణి అడగండి. ‘జాడ తెలియలేదు’ అన్నవాళ్లకి మిలిటరీవాళ్లు తర్వాత నిర్ణయించిన తేదీ రాసి ఉండొచ్చు. దాన్ని నమ్మి తిథి కట్టకండి. అట్లాంటప్పుడు మహాలయ పక్షమే మేలు: ఆయుధంతో పోయినవాళ్లకి భాద్రపద బహుళ చతుర్దశి, తిథి తెలియనివాళ్లకి అమావాస్య. బర్మాలో మలేరియాతో, విరేచనాలతో పోయినవాళ్లూ ఎక్కువే, వాళ్లని శస్త్రహతుల్లో కలపరు.

చీమకుర్తి రాళ్లు:
రాయి ఆఖరికి చెప్పండి. చెక్కిన తర్వాత స్పెల్లింగ్ దిద్దలేం. రెండడుగులు × అడుగున్నర, 20 మిల్లీమీటర్ల మందం గెలాక్సీ (నల్ల గ్రానైట్) పలక పదహారు కిలోల పైనే తూగుతుంది. అందులో బంగారు చుక్కలుంటాయి కాబట్టి బంగారు రంగు అక్షరాలు కలిసిపోతాయి. తెలుపు వేయించండి, అంగుళానికి తక్కువ ఎత్తు వద్దు. ఒత్తులున్న అక్షరాలకి వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదలమనండి, ఇంగ్లీషు లెక్కన వదిలితే ‘క్ష్మ’ లాంటివి కింది వరసకి తగులుతాయి.

సిమెంటు ముద్దలు నాలుగు పెట్టి అతికిస్తే వెనక ఖాళీలుండి ఊడొస్తుంది. నాలుగు మూలలా బెజ్జాలు ఫ్యాక్టరీలోనే వేయించి స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించండి. మామూలు ఇనుపవి మన ఉప్పుగాలికి తుప్పుపట్టి రాయి మీద చారలు దిగుతాయి.

కందుకూరోడు:
అంచు మీద నంబరు కనబడిందండీ, చివరి రెండంకెలు మాత్రం అరిగిపోయాయి.

పాత మెడళ్లు:
పల్చటి కాగితం చుట్టి పెన్సిల్ పక్కవాటుగా రుద్దండి, గుంటలు తెల్లగా తేలతాయి. అప్పటికీ రాకపోతే ఉన్న అంకెలు, దళం పేరు పట్టుకుని మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, ఏ రికార్డు ఆఫీసుకి రాయాలో అడగొచ్చు.