హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు: కర్నూలు నుంచి వెళ్లి చేరమంటారా?

హంద్రీ ఒడ్డు
అందరికీ నమస్కారం. మాది కర్నూలు. ఈ ఏడాదే బీఎస్సీ పూర్తయింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఇంట్లో మాత్రం బీఎడ్ చేసి డీఎస్సీకి సిద్ధం కమ్మంటున్నారు. నాకు పరిశోధన చేయాలని ఉంది. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమమే. ఆ యూనివర్సిటీకి చాలా పేరుందని అందరూ అంటున్నారు గానీ, ఆ పేరు దేనివల్ల వచ్చిందో, మాలాంటి వాళ్లకు అక్కడ ఏం ఒరుగుతుందో చెప్పేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. రాష్ట్రం విడిపోయాక మనం అక్కడ స్థానికేతరులం కదా అని నాన్నగారి భయం. మీ జవాబులు ఆయనకు చదివి వినిపిస్తాను.

ఆదోని పత్తి
చెల్లీ, నేను ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ అక్కడే చేశాను. ఆ కెమిస్ట్రీ విభాగానికి పేరు ఊరికే రాలేదు. గోవర్ధన్ మెహతా అక్కడ ఆచార్యుడిగా పనిచేసి, వైస్ ఛాన్సలర్ అయి, 1998లో బెంగళూరులోని పేరున్న పరిశోధన సంస్థ ఐఐఎస్సీకి డైరెక్టర్‌గా వెళ్లారు. గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 2009 దాకా అక్కడే ఉన్నారు. స్ఫటికాల్లో అణువులు ఎలా అమరుతాయో తెలుసుకుని, మనకు కావలసిన తీరులో అమర్చే శాస్త్రంలో ఆయనది ప్రపంచమంతా ఎరిగిన పేరు.

అయితే పెద్దవాళ్ల పేర్లతో మన పని జరగదు. నా పని జరిగింది పరికరాల వల్ల. చిన్న గాజు సీసాలో ద్రావణం పోసి, మూతకు సన్నటి రంధ్రం చేసి, కదపకుండా వదిలేస్తాం. ద్రావణి మెల్లగా ఆవిరవుతుంటే అడుగున పంచదార పలుకంత స్ఫటికాలు కడతాయి. మైక్రోస్కోపు కింద పెట్టి పగుళ్లు లేనిదాన్ని ఏరి, నూనె చుక్కతో సన్నటి మొనకు అంటించి, ఎక్స్‌రే యంత్రానికి ఎక్కించాలి. కొన్ని స్ఫటికాలు ద్రావణంలోంచి తీసిన కాసేపటికే పొడి అయిపోతాయి. యంత్రం మన విభాగంలోనే ఉంటే అలాంటివాటినీ పట్టుకోగలం. ఫలితం తేడాగా వస్తే మర్నాడే మరో ద్రావణితో మొదలుపెడతాం. పరిశోధన విశ్వవిద్యాలయం అంటే నా దృష్టిలో అదే. అనుమానం వచ్చిన చోటే దాన్ని తేల్చుకునే వీలుండాలి.

ఇటుకలపల్లి వేప
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ సగమే. నేను అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశాను. 1968లో తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా మొదలై, 1981లో సొంతంగా విశ్వవిద్యాలయమైంది. మా దగ్గర లేని పరికరాల కోసం నమూనాలను మద్రాసు ఐఐటీకి పంపి, ఫలితాల కోసం ఎదురుచూసేవాళ్లం. ఆ ఆలస్యం బాధ నాకు తెలుసు. కానీ నా పరిశోధన ప్రశ్న ఈ నేలది. మా జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఊరూరూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి పరీక్షించాను. ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లను, పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలను చూశాక ఆ అంకెలు నాకు వట్టి అంకెలుగా కనిపించలేదు. హైదరాబాద్ వెళ్లమ్మా, తప్పకుండా వెళ్లు. ఇక్కడ చదివినవాళ్లను తక్కువగా చూడడం మాత్రం అక్కడ నేర్చుకోవద్దు.

కడప పెద్దాయన
మీ నాన్నగారికి ఒక మాట. నేనూ ఆడపిల్ల తండ్రినే, మా అమ్మాయి కూడా అక్కడే చదివింది. స్థానికత గురించి బెంగ వద్దు. అది కేంద్రీయ విశ్వవిద్యాలయం, ప్రవేశాలు దేశమంతటికీ ఒకటే లెక్క. అసలు అది పుట్టిందే మన ప్రాంతాల తగాదాల్లోంచి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం జరిగాక, 1973లో ప్రాంతాల మధ్య రాజీగా ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో ఈ విశ్వవిద్యాలయం ఒక హామీ. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు. 1974లో చట్టమైంది. మొదట్లో తరగతులు సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో జరిగేవి.

ఖర్చు సంగతికొస్తే, ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోల్చదగ్గది కాదు, చాలా తక్కువ. పీహెచ్‌డీలో సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షతో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటద్దె భత్యం వేరు. నెట్ రాకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ వాళ్లకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. మా అమ్మాయి మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఫోనులో ఏడ్చింది. తర్వాత రోజూ సాయంత్రం సహాధ్యాయులతో కూర్చుని, విన్న పాఠాన్ని తెలుగులో మళ్లీ చెప్పుకోవడం మొదలుపెట్టింది. రెండో సెమిస్టర్‌కల్లా కుదురుకుంది.

హంద్రీ ఒడ్డు
నాన్నగారు మీ జవాబు రెండుసార్లు చదివించుకున్నారు సార్. అక్కడ గొడవలు ఎక్కువ కదా, టీవీలో చూశాం అంటున్నారు. పీహెచ్‌డీకి గైడును ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పగలరా?

ఆదోని పత్తి
ఉద్యమాలు ఉంటాయి, దాచను. 2016లో అక్కడి పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత దేశమంతా కదిలింది. 2025లో యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొడుతుంటే విద్యార్థులు రోడ్డెక్కారు, సుప్రీంకోర్టు ఆపమంది. అన్యాయం జరిగితే అడిగే పిల్లలున్న చోటు అది. నాకైతే అది ఆ విశ్వవిద్యాలయానికి మచ్చగా ఎన్నడూ అనిపించలేదు.

గైడు విషయానికి ఇంకా టైముంది, కానీ ఇప్పటినుంచే గమనించు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉంచే వెబ్‌సైట్ శోధ్‌గంగలో గైడు పేరుతో వెతికితే ఆయన దగ్గర ఎవరెవరు, ఏ ఏడాది, దేని మీద పీహెచ్‌డీ చేశారో కనిపిస్తుంది. వాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడు. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మించి ఉండకూడదన్నది యూజీసీ నిబంధన. ఖాళీ ఉందో లేదో ముందే అడగాలి. నా స్నేహితుడొకడు వేరేచోట గైడు పేరు ప్రతిష్ఠలు చూసి చేరాడు. ఆయన నెలల తరబడి దొరికేవారు కాదు.

నంద్యాల నవత
చివరి నిమిషంలో ఇబ్బంది పడకుండా ఒక్క విషయం. బీసీ అయితే రాష్ట్రం ఇచ్చే కుల ధ్రువపత్రం అక్కడ చెల్లదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న) పత్రం తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గం) అయితే ఆ పత్రం ఈ ఆర్థిక సంవత్సరానిదే కావాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టినా తహసీల్దారు సంతకానికి రోజులు పడతాయి, రేపే వెళ్లండి.